మడమ వెనక ఉన్నది ‘నరం’ కాదు

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా, ఇటు గుణుపురం, రాయగడ వైపు కూడా, మడమ వెనక నొప్పి వస్తే మనవాళ్లు అనే మాట ఒకటే: ‘నరం పట్టేసింది’. నూనె కాచి రాస్తారు, గట్టిగా తోమిస్తారు. తగ్గకపోతే సూది వేయమంటారు. వేలికి తాడులా తగిలే ఆ భాగం నరం కాదు. పిక్క కండరాలను మడమ ఎముకకు కట్టే స్నాయుబంధనం అది, డాక్టర్ల మాటలో అకిలిస్ టెండన్. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. పరుగు తీసేటప్పుడు ఒక్కో అడుగుకీ మన బరువుకు 6 నుంచి 8 రెట్ల లాగుడు దాని మీద పడుతుంది.

ఆ తాడు పీచులు నిటారుగా దిగవు, పురి తిరిగి దిగుతాయి. పిక్కలో పైనున్న జంట కండరం గాస్ట్రోక్నీమియస్ పీచులు కిందికి వచ్చేసరికి బయటివైపుకు, లోతున ఉండే సోలియస్ పీచులు లోపలివైపుకు చేరతాయి. ఈ పురి కొందరిలో తక్కువ, కొందరిలో బాగా ఎక్కువ. అందుకే ఒకే మైదానంలో ఒకే దూరం పరుగెత్తిన ఇద్దరి టెండన్లలో లాగుడు ఒకేలా పంచుకోబడదు. పుస్తకంలో బొమ్మ ఒకటే ఉంటుంది గానీ కాళ్లు అలా ఉండవు.

తేడాలు పురితో ఆగవు. మోకాలి వెనక ప్లాంటారిస్ అనే చిన్న కండరం ఉంటుంది. కండ వేలెడంత, దాని టెండన్ మాత్రం అడుగు పొడవు, సన్నటి దారంలా పిక్క లోతున దిగి అకిలిస్ లోపలి అంచున మడమకు చేరుతుంది. శవచ్ఛేదన బల్ల మీద మొదటి ఏడాది వైద్య విద్యార్థులు దీన్ని చూసి నరమనుకుంటారు. మనవాళ్ల పొరపాటు వాళ్లకూ తప్పదన్నమాట! కోతుల్లో ఇది బలమైన కండరం. మనుషుల్లో చేసే పని స్వల్పం, 7 నుంచి 20 శాతం మందిలో అసలు ఉండదు. లేనివాళ్లకు ఏ లోటూ తెలియదు. ఇబ్బంది ఉన్నవాళ్లలోనే, అదీ కొందరిలో. ఆ దారం అకిలిస్‌ను ఆనుకుని దిగితే రెండూ ఒరుసుకుని మధ్యభాగంలో లోపలివైపు నొప్పి పుడుతుంది.

అందుకే నొప్పి సంగతి తేల్చాలంటే ముందు చేయాల్సిన పని, ఒక్క వేలితో చోటు చూపించడం. ‘పిక్కంతా పీకుతోంది’ అంటే ఏమీ తేలదు. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన, వెనక మధ్యలో వేలు పడితే, అక్కడ ఉబ్బుగా దళసరిగా తగిలితే, అది అకిలిస్ మధ్యభాగపు జబ్బు. నెత్తురు సరఫరా అంతంత మాత్రంగా ఉండే చోటు అది. అదే ఎత్తులో వేలు పదేపదే లోపలి అంచుకే పోతుంటే ప్లాంటారిస్‌ను అనుమానించాలి. సరిగ్గా ఎముక మీదే పడితే అది అతుకు దగ్గరి నొప్పి, దాని లెక్క వేరు.

బయటి చీలమండ వెనక నొప్పి మరో రకం. అక్కడ పెరోనియల్ టెండన్లు రెండు ఇరుకైన గాడిలోంచి మలుపు తిరుగుతాయి. కొందరిలో వాటిలో ఒకదాని కండ, పెరోనియస్ బ్రెవిస్, గాడి దాకా దిగిపోతుంది. ఇంకొందరిలో పెరోనియస్ క్వార్టస్ అనే అదనపు కండరమే ఉంటుంది. సుమారు 5 నుంచి 22 శాతం మందిలో దీన్ని చూశారు. ఇద్దరు పట్టే చోట ముగ్గురు దూరినట్టు గాడి ఇరుకై, బ్రెవిస్ టెండన్ నిలువునా చీలుతుంది. కాలు మెలిక పడి నెలలు గడిచినా బయటివైపు నొప్పి పోలేదంటే ‘బెణుకు మానలేదు’ అని సరిపెట్టుకోకూడదు.

లోపలివైపు, చీలమండకూ అకిలిస్‌కూ మధ్య మెత్తటి ఉబ్బు కనిపిస్తే ఇంట్లో అందరికీ ముందు గడ్డ భయం పట్టుకుంటుంది. అది అదనపు సోలియస్ కండరం కావచ్చు, వందలో ఒకరి నుంచి ఐదుగురి దాకా ఉంటుంది. మునివేళ్ల మీద నిలబడితే ఆ ఉబ్బు గట్టిపడుతుంది, కూర్చుంటే మెత్తబడుతుంది. ఎమ్మారైలో మామూలు కండలాగే కనిపిస్తుంది. నొప్పి లేకపోతే ముట్టుకోనక్కర్లేదు. పరుగెత్తినప్పుడల్లా బిగుసుకుని నొప్పి పెడితేనే ఆపరేషన్ మాట.

సైన్యం, పోలీసు ఉద్యోగాల కోసం గోపాలపూర్ ఇసుకలో పరుగెత్తే కుర్రాళ్లకు మడమ ప్రతి అడుగులో దిగబడుతుంది. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు, అదీ హవాయి చెప్పులతో, పాదం గంటల తరబడి పైకి వంగే ఉంటుంది. రెండిట్లోనూ టెండన్ సాగి ఉన్న స్థితిలోనే బరువు మోస్తుంది. అలవాటు లేని కాలికి ఒక్కసారిగా ఇంత పని పెట్టడమే అసలు తప్పు. కండ వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. డెన్మార్క్ పరిశోధకులు 2013లో, అణుపరీక్షల కాలంలో గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా లెక్కగట్టి, టెండన్ లోపలి భాగం దాదాపు 17 ఏళ్ల వయసుకు ఏర్పడిపోయి ఆ తర్వాత పెద్దగా మారదని చూపించారు.

మధ్యభాగపు నొప్పికి విశ్రాంతి ఒక్కటే మందు కాదు. 1998లో స్వీడన్ డాక్టర్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మెట్టు అంచున మునిపాదం ఆనించి, బాగున్న కాలితో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మీదే బరువు వేసి మడమను మెట్టు కిందికి నెమ్మదిగా దించాలి. మోకాలు తిన్నగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, కొద్దిగా వంచి మరో మూడు. మోకాలు వంచడం ఎందుకంటే, గాస్ట్రోక్నీమియస్ మోకాలి పైనుంచి మొదలవుతుంది. వంచితే అది వదులై పని సోలియస్ మీద పడుతుంది. రోజుకు రెండు పూటలా, 12 వారాలు. అంటే రోజుకు 180 సార్లు. ఓర్చుకోదగ్గ నొప్పి ఉన్నా ఆపనక్కర్లేదు. నొప్పి పోయాక వీపు సంచిలో 5 కిలోల బియ్యం వేసుకుని కొనసాగించాలి. చాలామంది పదిరోజులు చేసి వదిలేసి ‘పనిచేయలేదు’ అంటారు.

ఎముక దగ్గరి నొప్పికి ఇదే మెట్టు మీద చేస్తే ఎదురుతిరుగుతుంది. మడమ నేల మట్టం దాటి కిందికి పోతే టెండన్ ఎముకకు ఒత్తుకుంటుంది. వీళ్లు చదును నేల మీదే చేయాలి, కొన్నాళ్లు మడమ కాస్త ఎత్తుగా ఉండే చెప్పులు వేసుకోవాలి. 12 వారాలు శ్రద్ధగా చేసినా లోపలి అంచు నొప్పి కదలకపోతే అల్ట్రాసౌండ్ తీయించి, ప్లాంటారిస్ సంగతి చూడమని అడగాలి.

టెండన్‌లోకి స్టెరాయిడ్ సూది మాత్రం వద్దు. నొప్పి తగ్గుతుంది, తాడు బలహీనపడి తెగే ప్రమాదం పెరుగుతుంది. మందుల షాపులో చీటీ లేకుండా కొనే సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ బిళ్లలతోనూ ఇదే భయం. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వీటి మీద టెండన్ తెగే ప్రమాదం గురించి గట్టి హెచ్చరిక పెట్టించింది. 60 ఏళ్లు దాటినవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

తెగినప్పుడు వెనకనుంచి ఎవరో కర్రతో కొట్టినట్టు ఉంటుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మనిషిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు అంచు దాటి వేలాడేలా ఉంచి, పిక్కను గట్టిగా నొక్కాలి. టెండన్ బాగుంటే పాదం కిందికి వంగుతుంది, తెగితే కదలదు. కదలకపోతే అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ‘నడుస్తున్నాడు కదా, వేళ్లు కదుపుతున్నాడు కదా’ అనే ధీమా పనికిరాదు, ఆ పని వేరే టెండన్లు కూడా చేస్తాయి. లోపలి అంచున ఇంకా గట్టిగా తాడు తగులుతోందని నమ్మినా మోసపోతారు. అకిలిస్ పూర్తిగా తెగినా తెగకుండా మిగిలేది, చాలాసార్లు, ఆ ప్లాంటారిస్ దారమే.