బట్టీలో పోసిన వేడి, గోలెంలో లేచిన వేడి

సంక్రాంతికి ఇళ్ళకు వెల్ల వేయడానికి కోనసీమ పల్లెల్లో గోలెంలో గుల్లసున్నం వేసి నీళ్ళు పోసేవారు. పొయ్యి లేకుండానే గోలెం కుతకుత ఉడికేది, ఆవిరి లేచేది, కళ్ళలో చిందుతుందని పెద్దలు పిల్లలను దూరంగా నిలబెట్టేవారు. నీళ్ళు తగిలితే సున్నం ఉడుకుతుందని చెప్పినంత మాత్రాన ఆ వేడి ఎక్కడిదో తెలియదు. దాని లెక్క బట్టీ దగ్గర మొదలవుతుంది.

కాకినాడ తీరంలోనూ ఉప్పుటేరుల్లోనూ దొరికే గుల్లల్లో అధిక భాగం కాల్షియం కార్బొనేటే. వాటిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే కార్బన్ డయాక్సైడు వెళ్ళిపోయి పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడు, మిగులుతుంది. 100 గ్రాముల కార్బొనేటు విడిపోయి 56 గ్రాముల సున్నం కావడానికి 178 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఇలా వేడిని పుచ్చుకునేది ఉష్ణగ్రాహక చర్య.

ఆ 56 గ్రాముల సున్నం నీటితో కలిసి తడిసున్నంగా మారేటప్పుడు 65 కిలోజౌళ్ళు బయటికి వస్తాయి కనుక అది ఉష్ణమోచక చర్య. కిలో సున్నానికి ఇది దాదాపు 1,160 కిలోజౌళ్ళు. నాలుగు లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి అంత వేడి చాలు. బంధాలు తెగినప్పుడు శక్తి విడుదలవుతుందని చాలామంది విద్యార్థులు రాస్తారు, కానీ జరిగేది దానికి విరుద్ధం: బంధాన్ని తెంచడానికి ఎప్పుడూ శక్తి ఖర్చవుతుంది, కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి వెలువడుతుంది. సున్నంలోని ఆక్సైడు అయాను (విద్యుదావేశమున్న ఆక్సిజన్ కణం) నీటి అణువు నుంచి ప్రోటానును, అంటే హైడ్రోజన్ అయానును, లాక్కున్నప్పుడు రెండు హైడ్రాక్సైడు అయాన్లు తయారవుతాయి. అవి కాల్షియంతో కలిసి కొత్త స్ఫటికంగా అమరేటప్పుడు వచ్చే శక్తి, పాత అమరికను విడదీయడానికి అయిన ఖర్చును మించిపోతుంది. గోలెంలో మనం చూసేది ఆ తేడానే.

ఇంకా 113 కిలోజౌళ్ళు మిగిలి ఉన్నాయి. వెల్ల వేసిన గోడ గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్ళీ కార్బొనేటుగా మారేటప్పుడు అవి వెలువడతాయి. 65కు 113 కలిపితే 178. ఏ దారిన జరిగినా మొదటి, చివరి పదార్థాలు అవే అయితే మొత్తం ఉష్ణమార్పు మారదని 1840లో రసాయన శాస్త్రవేత్త జెర్మైన్ హెస్ ప్రతిపాదించిన నియమం ఇదే. గుల్ల నుంచి బయలుదేరి తిరిగి అదే పదార్థాన్ని చేరాం కనుక లెక్క సున్నాకు రావలసిందే.

1847–52 మధ్య కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాలంలో రాయిని రాయితో పట్టి ఉంచింది సున్నపు గచ్చే. గచ్చు లోపలి పొరలకు గాలి చేరడం ఆలస్యం కాబట్టి, కట్టడం ఎంత మందమైతే ఈ చర్య అన్ని ఏళ్ళు సాగుతుంది. గోలెంలో నిమిషాల్లో ఎగసిన వేడితో పోలిస్తే ఆ 113 కిలోజౌళ్ళు ఎక్కువే, కానీ ఏళ్ళ మీద పరుచుకుని వస్తాయి గనుక గోడ మీద చెయ్యి వేసినా వెచ్చదనం తెలియదు.