మద్రాసు గడియారం, ఆడపిల్ల వాటా

చెన్నై నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఒక గ్రానైట్ స్తంభం ఉంది. 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీకి, అంటే ఆకాశాన్ని పరిశీలించే కేంద్రానికి, గుర్తుగా మిగిలింది అది. దాని మీద తమిళంతో పాటు తెలుగు అక్షరాలూ చెక్కారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని కదా, ఆ రాయి అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

ఆ అబ్జర్వేటరీ లెక్కగట్టిందే మద్రాసు టైమ్. గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. అప్పట్లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. రైళ్లు వచ్చాక అలా కుదరదు కదా! బొంబాయికీ కలకత్తాకీ మధ్యస్థంగా ఉందని రైల్వేలు మద్రాసు టైమ్‌ని పట్టుకున్నాయి. 1906 జనవరి 1న గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుండే ఇప్పటి భారత ప్రామాణిక సమయం వచ్చింది. దానికి ఆధారమైన రేఖాంశం మన తుని దగ్గరగా పోతుంది. మద్రాసు గడియారాలు దాదాపు 9 నిమిషాలు ముందుకు జరిగాయి. బొంబాయి మాత్రం 1955 దాకా తన టైమ్‌ని పూర్తిగా వదల్లేదు.

ఏప్రిల్ మధ్యలో మా పెరంబూరు ఇంటి మేడ మీద నేనూ మా అమ్మాయీ ఒక కర్ర నిలబెట్టాం. 12 కొట్టినా నీడ ఇంకా కాస్త పక్కకే ఉంది. సరిగ్గా ఉత్తరానికి తిరిగేసరికి 12 దాటి 9 నిమిషాలయింది.

"గడియారం తప్పా, సూర్యుడు తప్పా అమ్మా?" అంది.

ఏదీ తప్పు కాదు. నడినెత్తిన ఎండ ప్రకృతిది. దాన్ని "పన్నెండు" అనడం మనుషుల ఒప్పందం. కాగితం ముక్కను ఐదు వందల రూపాయలు అనడం, రెండు సంతకాలతో ఇద్దర్ని భార్యాభర్తలు అనడం, పొలానికి గట్టు వేసి "నాది" అనడం కూడా అలాంటివే. అందరూ ఒప్పుకున్నంత కాలం రాయిలా గట్టిగా ఉంటాయి. పుట్టేటప్పటికే ఉన్నాయి కాబట్టి ప్రకృతి నియమాల్లా కనిపిస్తాయి. నా ఒక్కదాని గడియారం మార్చుకుంటే నాకే రైలు తప్పుతుంది. అందరి గడియారాలూ మారితే రైలే మారుతుంది.

మా మేనత్త పెళ్లయిన రోజుల్లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా అంటే నవ్వేవాళ్లు. సూర్యుడు తూర్పున పొడిచినంత సహజం అనుకునేవాళ్లు, ఆవిడ లేకుండా పంపకాలు జరగడం. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం మార్చింది. 1989 నుంచి తమిళనాడులోనూ మారింది. 2005లో కేంద్ర చట్టమే మారింది: హిందూ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు.

కానీ చట్టం మారినంత మాత్రాన మనసుల్లో ఒప్పందం మారిపోదు. చాలా ఇళ్లలో చెల్లెళ్ల చేత విడుదల దస్తావేజు (వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టించుకుంటారు, ఓ పట్టుచీర చేతిలో పెట్టి. నాకు ఇది చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పోయినేడాది మా మేనత్త కూతురి వంతు వచ్చింది. కాగితం మొత్తం చదివి, పెన్ను మూత పెట్టేసింది. "నా వాటా నాకు కావాలి అన్నయ్యా" అంది. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత దస్తావేజు మళ్లీ రాయించారు, ఆమె పేరుతో.