అరచేతి అద్దం, అర డిగ్రీ సూర్యుడు

కోనసీమ నుంచి ఒక పాఠకుడు రాశారు. వాళ్ళబ్బాయీ, అతని స్నేహితులూ కలిసి చిన్న తెరచాప పడవ ఒకటి కొన్నారట. ఇన్నాళ్ళూ గోదావరి పాయ వైనతేయలోనే తిప్పుకుంటున్నవాళ్ళు ఇప్పుడు అది సముద్రంలో కలిసే ఓడలరేవు మొగ దాటి సముద్రంలోకి వెళ్తామంటున్నారు. "వద్దంటే వినరండీ. కనీసం ఆపదొస్తే కబురు పంపడానికి ఏం కొనిపెట్టమంటారు? ఎర్ర మతాబులు రెండు, మంచి టార్చి ఒకటి చాలా?" అని ఆయన ప్రశ్న.

లైఫ్ జాకెట్ సంగతి నేను రాయను. వేసుకోవాలి, అంతే. కబురు సంగతి మాత్రం ఎంత చెప్పుకున్నా తరగదు. ఎందుకంటే ఇందులో పనులు రెండున్నాయి, అందరూ రెంటినీ కలిపేస్తారు. మనల్ని ఎవరూ చూడని చోట చిక్కుకుంటే "ఆపదలో ఉన్నాం" అని దూరానికి తెలియజేయడం ఒకటి. వెతుకుతూ వచ్చినవాళ్ళకి, లేదా దారినపోయే ఓడకి, "ఇదిగో ఇక్కడున్నాం" అని చూపించడం రెండోది. మొదటిది రేడియో పని, రెండోది వెలుగు పని. మతాబు, టార్చి రెండూ రెండో రకమే.

ముందు మతాబు. సముద్రం మీద ఆపద తెలపడానికి వాడే ఎర్ర ఫ్లేరుకీ, మనం దీపావళికి కాల్చే ఎర్ర మతాబుకీ ఆ రంగునిచ్చే మూలకం ఒకటే, స్ట్రాన్షియం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం చేత్తో పట్టుకునే ఫ్లేరు 15,000 క్యాండెలాల వెలుగుతో ఒక్క నిమిషం మండాలి. ఒక క్యాండెలా అంటే సుమారుగా ఒక కొవ్వొత్తి వెలుగు. పారాషూట్ రాకెట్ అయితే 300 మీటర్లు పైకి లేచి 30,000 క్యాండెలాలతో 40 సెకన్లు వెలగాలి. రాత్రిపూట ఇవి బాగా పనికొస్తాయి. పది కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే చేతి ఫ్లేరు దాదాపు శుక్రుడంత ప్రకాశంగా ఉంటుంది, అదీ ఎర్రగా. అసలు చిక్కు పగలు వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆకాశంలో శుక్రుణ్ణి ఎవరు చూశారు గనక!

మన తీరానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. దీపావళి వచ్చేదీ అప్పుడే. అమావాస్య రాత్రి ఊరూరా తారాజువ్వలు లేస్తుంటే, సముద్రం మీద ఎర్రగా ఒకటి లేచి ఆరిపోతే, ఒడ్డున ఉన్నవాడు ఏమనుకుంటాడు? పైగా కొరివి దెయ్యాల కథలు వింటూ పెరిగినవాళ్ళం మనం. చీకట్లో ఎర్రటి వెలుగు కనబడితే అటు పరిగెత్తకుండా తలుపులు వేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తెల్లటి టార్చి వెలుగు సంగతీ అంతంతే. కాకినాడ నుంచి అంతర్వేది దాకా సముద్రం మీద చమురు రిగ్గుల దీపాలు, చేపల బోట్ల దీపాలు ఎన్నో. వాటిలో ఇంకో తెల్లచుక్క కలిసిపోతుంది. అందుకే టార్చిని ఊరికే వెలిగించి పట్టుకోకూడదు. మూడు పొట్టి, మూడు పొడుగు, మళ్ళీ మూడు పొట్టి వెలుగులుగా కొట్టాలి. 1906లో బెర్లిన్ రేడియో సమావేశం ఒప్పుకున్న ఆపద సంకేతం ఎస్‌ఓఎస్ అదే.

ఇక నేను ఇంత ఉత్సాహంగా కలం పట్టింది దేనికోసమంటే, అద్దం కోసం. జేబులో పట్టే మామూలు అద్దం.

10 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అద్దం ఎండలో పట్టుకుంటే అది ఎన్ని క్యాండెలాలు? ఊహించండి. లెక్కేస్తే సుమారు 85 లక్షలు. ఫ్లేరుకి ఐదొందల రెట్ల పైనే! బ్యాటరీ లేదు, మందు లేదు, గడువు తేదీ లేదు, ఆరిపోవడం అసలే లేదు.

ఇదెలా కుదురుతుందో అర్థం కావాలంటే బడిలో చెప్పిన ఒక మాటని కాస్త పక్కన పెట్టాలి. సూర్యకిరణాలు సమాంతరంగా వస్తాయని మనకి నేర్పారు. పుస్తకాల్లో స్కేలు పెట్టి గీతలు కూడా గీయించారు. అదే నిజమైతే అద్దం విసిరిన వెలుగుమచ్చ ఎంత దూరం పోయినా అద్దమంతే ఉండాలి. ఉండదు. గోడ మీద ఎండ కొట్టి ఆడుకున్న పిల్లలందరికీ తెలుసు, గోడ దూరమయ్యేకొద్దీ మచ్చ పెద్దదవుతుంది. ఇంకో తమాషా ఏంటంటే, మూడు మూలల అద్దం ముక్కతో వీధి అవతలి గోడ మీద ఎండ కొడితే పడే మచ్చ మూడు మూలలుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రం అద్దానిది కాదు, సూర్యుడిది. ఆకాశంలో సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి అద్దం మీద ఏ బిందువు నుంచైనా వెలుగు అర డిగ్రీ శంకువులా విచ్చుకుంటూ పోతుంది. దూరంలో పడేది సూర్యుడి బొమ్మే. 2019 డిసెంబరు 26న పొద్దున్న గ్రహణం పట్టినప్పుడు గదిలో దాక్కున్నవాళ్ళు కిటికీలోంచి ఒక అద్దం ముక్క బయటికి పెట్టి ఉంటే, కొరికిన సూర్యుడు గోడ మీద హాయిగా కనిపించేవాడు. కంటికి ప్రమాదం లేదు, శాస్త్రానికి లోటు లేదు.

ఈ అర డిగ్రీలోనే అద్దం బలమంతా ఉంది. ఫ్లేరు తన వెలుగుని అన్ని దిక్కులకీ పంచేస్తుంది, ఆకాశానికీ, చేపలకీ కూడా. అద్దం తన మీద పడ్డదంతా ఒక్క సన్నని దారిలోకి తోస్తుంది. పది కిలోమీటర్ల అవతల ఆ శంకువు వెడల్పు 93 మీటర్లే. ఆ 93 మీటర్ల మచ్చలో నిలబడి చూసేవాడికి, మసక లేకపోతే, పున్నమి చంద్రుడిచ్చే వెలుగులో మూడో వంతు ఒక్క చుక్కలోంచి వస్తున్నట్టు కనబడుతుంది. సముద్రపు మసక అందులో ముప్పావు భాగం మింగేసినా పట్టపగలు కళ్ళు చికిలించేలా చేస్తుంది.

బలం అక్కడే, బలహీనతా అక్కడే. 93 మీటర్ల మచ్చని పది కిలోమీటర్ల అవతలి ఓడ మీద వెయ్యాలి, అదీ ఊగే పడవలోంచి. అద్దం ఒక డిగ్రీ తిరిగితే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది. అంటే అద్దాన్ని పావు డిగ్రీ తేడా లేకుండా పట్టుకోవాలి. చేత్తో అయ్యే పని కాదు. కానీ పట్టుకోనక్కర్లేదు కూడా. ఎడమ చెయ్యి చాచి రెండు వేళ్ళు విడదీసి ఓడ వాటి మధ్య కనబడేలా ఉంచండి. కుడి చేత్తో అద్దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని ఎండమచ్చని ఆ వేళ్ళ మీద పడెయ్యండి. చాచిన చేతి దగ్గర ఆ మచ్చ అద్దమంత ఉంటుంది కాబట్టి గురి ఒక రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి ఆ ప్రాంతమంతా మెల్లగా ఊడవాలి. పడవ ఊగుతూ ఉంటుంది గనక పైకీ కిందికీ ఊడ్చే పని అలలే చేసిపెడతాయి, మీరు మణికట్టుతో పక్కలకి కదిపితే సరిపోతుంది.

ఊడుస్తుంటే వెలుగు ఓడ మీద ఒక్క క్షణమే కదా పడేది, చాలుతుందా? ఇక్కడ కాస్త లెక్క ఓర్చుకోండి. పడవ సెకనుకి 10 డిగ్రీలు ఊగితే వెలుగు సెకనుకి 20 డిగ్రీలు తిరుగుతుంది. అర డిగ్రీ దాటడానికి సెకనులో నలభయ్యో వంతు, అంటే 0.025 సెకను. అంత పొట్టి మెరుపుని కన్ను పూర్తి ప్రకాశంతో చూడలేదు. దానికి 1911లో బ్లాండెల్, రే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఒక సూత్రం కట్టారు, దీపస్తంభాల వాళ్ళు ఈనాటికీ వాడతారు. మెరుపు కాలాన్ని, ఆ కాలానికి 0.2 కలిపితే వచ్చినదానితో భాగించి, అసలు ప్రకాశాన్ని దాంతో గుణించాలి. 0.025ని 0.225తో భాగిస్తే తొమ్మిదో వంతు. 85 లక్షల్లో తొమ్మిదో వంతు అంటే 9 లక్షల పైచిలుకు క్యాండెలాలు. తొమ్మిదో వంతే మిగిలినా ఫ్లేరుకి అరవై రెట్లుంది. పైగా కదలని వెలుగుకంటే తళుక్కుమనే వెలుగే దృష్టిని లాగుతుంది.

తళుకులంటే అలలూ తళుక్కుమంటాయి కదా అని మీకు అనుమానం రావాలి. నిజమే, ప్రతి అల కూడా ఒక వంకర అద్దమే. అయితే ఆ తళుకులు సముద్రమంతా పరుచుకోవు, సూర్యుడి కింద ఒక దారిలాగా ఉంటాయి. గాలి పెరిగేకొద్దీ ఆ దారి వెడల్పవుతుంది. 1954లో కాక్స్, మంక్ అనే సముద్ర శాస్త్రవేత్తలు విమానంలోంచి తీసిన ఫొటోల్లో ఆ తళుకుల దారిని కొలిచి, అలల వాలుకీ గాలి వేగానికీ ఉన్న సంబంధం తేల్చారు. ఆ దారిలో మీ పడవ ఉంటే మీ అద్దం వెయ్యి అద్దాల్లో ఒకటి. దారికి బయట ఉంటే ఒకే ఒక్కటి.

ఇప్పుడిది మన తీరానికి పెట్టి చూడండి. పొద్దున్నే సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు. అంతర్వేది ఒడ్డు నుంచి చూసేవాడికి తళుకుల దారి ఎదురుగానే, మీ పడవ అందులోనే. మీరు ఒడ్డుకి కొట్టాలంటే సూర్యుడు మీ వెనకున్నాడు గనక అద్దాన్ని బాగా ఏటవాలుగా తిప్పాలి. సూర్యుడికీ గురికీ మధ్య కోణం 150 డిగ్రీలైతే అద్దం మీద పడే ఎండ నాలుగో వంతుకి పడిపోతుంది. రెండు రకాలా నష్టం. అదే సమయంలో లోపలి సముద్రంలో పోయే ఓడకి కొడితే సూర్యుడూ, ఓడా ఒకే వైపు. అద్దానికి నిండు ఎండ, ఓడలో వాళ్ళకి మీ వెనక నల్లటి నీళ్ళు. సాయంత్రం అంతా తిరగబడుతుంది. కాబట్టి కోనసీమ తీరంలో పొద్దున ఓడలకి కొట్టండి, పొద్దువాలాక ఒడ్డుకి కొట్టండి. ఇంత సులువైన సంగతి. పశ్చిమ తీరంలో ఉన్నవాళ్ళు దీన్ని తిప్పి చదువుకోవాలి.

పగిలిన అద్దం ఇంట్లో ఉంటే అరిష్టమని బయట పారేస్తారు. అంచులు అరగదీసి ఆ ముక్కని పడవలో పెట్టుకుంటే అరిష్టం దానంతటదే పోతుంది. అటక మీద మూలుగుతున్న పాత సీడీ కూడా పనికొస్తుంది. దాని మీది సన్నని గాళ్ళు కొంత వెలుగుని ఇంద్రధనుస్సులుగా పారబోస్తాయి గానీ, మధ్యనున్న చిల్లు గురి చూసుకోవడానికి పనికొస్తుంది. చిల్లులోంచి ఓడని చూస్తుంటే అదే చిల్లులోంచి ఎండచుక్క మీ బుగ్గ మీదో, చొక్కా మీదో పడుతుంది. సీడీ వెనకవైపు కూడా మెరిసేదైతే అందులో ఆ చుక్క ప్రతిబింబం కనబడుతుంది. ఆ ప్రతిబింబం సరిగ్గా చిల్లులోకి వచ్చి మాయమయ్యేలా సీడీని వంచితే వెలుగు ఓడ మీదున్నట్టే. ఇక్కడ గురి డిగ్రీలో ముక్కకి వస్తుంది, ఊడవాల్సిన పని చాలా తగ్గుతుంది.

అద్దం చెయ్యలేనివి చెప్పకపోతే అన్యాయం. మబ్బు పడితే అది వట్టి అద్దం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని కొట్టిన తుఫానులో సముద్రం మీదున్న మత్స్యకారులకి ప్రపంచంలోని అద్దాలన్నీ ఇచ్చినా లాభం లేదు. కనుచూపు మేర ఎవరూ లేకపోయినా అంతే. ఆ మేర ఎంతో లెక్కగట్టడం తేలిక. నీటి మీంచి కన్ను ఎన్ని మీటర్ల ఎత్తుందో దాని వర్గమూలాన్ని 3.86తో గుణిస్తే కిలోమీటర్లు. పడవలో కూచున్నవాడికి నాలుగే. పాతిక మీటర్ల ఎత్తున ఓడ నడిపేవాడికి 19. రెండూ కలిపితే 23 కిలోమీటర్లు, అంతకు మించి భూమి వంపు అడ్డం. పడవల వాళ్ళు ఓడలతో మాట్లాడే చేతి వీహెచ్‌ఎఫ్ రేడియోకీ దాదాపు ఇదే హద్దు. ఆపద పిలుపులకి ఉంచిన 16వ ఛానెల్లో పిలవాలి, లైసెన్సు కావాలి.

ఆ హద్దు దాటాలంటే పైనుంచి వినేవాళ్ళుండాలి. 406 మెగాహెర్ట్జ్ బీకన్ అనే ఆపద రేడియో పెట్టె బటన్ నొక్కితే దాదాపు 50 సెకన్లకోసారి, అర సెకను పాటు, 5 వాట్ల కేక పెడుతుంది. ఇలాంటి కేకలు వినే అంతర్జాతీయ ఏర్పాటు కాస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలు విని కిందున్న రక్షణ వాళ్ళకి చెబుతాయి. కొన్నాక రిజిస్టర్ చేయించాలి, లేకపోతే కేక వినబడుతుంది గానీ ఎవరిదో తెలియదు. మత్స్యకారుల కోసం మన ఇస్రో చేసిన డాట్ అనే పరికరం 2010 నుంచి వాడకంలో ఉంది. పడవ మునుగుతోందా, నిప్పంటుకుందా, వైద్యం కావాలా అన్నది బటన్‌తో చెప్పొచ్చు. 2024లో వచ్చిన రెండో తరం డాట్ "మీ కబురు అందింది" అని తిరిగి చెబుతుంది. నడిసముద్రంలో ఆ ఒక్క జవాబు విలువ ఎంతో వేరే చెప్పాలా, సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది. ఫోనుకి సిగ్నలున్నంత వరకూ కోస్ట్‌గార్డు నంబరు 1554.

కాబట్టి ఆ తండ్రిగారికి నా జవాబు: డబ్బంతా ముందు బీకన్ మీద పెట్టండి. తర్వాత చేతి ఫ్లేర్లు మూడో నాలుగో, గడువు చూసి కొనండి. ఓడో, విమానమో కంటబడ్డాకే వెలిగించాలని అబ్బాయికి గట్టిగా చెప్పండి. గాలి పోయే వైపు పడవ బయటికి చాచి పట్టుకోవాలి, లేకపోతే కారే నిప్పు ఫైబరు మీద పడుతుంది. పైనుంచి వెతికేవాళ్ళకి కనబడాలని సముద్రంలో కలిపే పచ్చరంగు పొడి మాత్రం గోదావరి మొగల దగ్గర వద్దు, వరద రోజుల్లో ఆ ఎర్రనీళ్ళలో దాని మెరుపు కనబడదు. తెరచాప నారింజ రంగుదైతే మంచిది, దాని అంచుకి లారీల వెనక అంటించే మెరిసే టేపు కుట్టించండి. వెతికే బోటు సెర్చిలైటు వేస్తే అది వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది.

అద్దానికి వందరూపాయలు కూడా కావు. గాజుదైతే ఉప్పుగాలికి వెనక పూత నెలల్లోనే మచ్చలు పడుతుంది, పాలిష్ పట్టిన స్టీలుదో, యాక్రిలిక్‌దో తీసుకుని, చిల్లు వేయించి తాడుతో లైఫ్ జాకెట్‌కి కట్టండి. అలవాటు చేసుకోవడానికి సఖినేటిపల్లి రేవు బాగుంటుంది. అబ్బాయిని అక్కడ నిలబెట్టి, ఒక స్నేహితుణ్ణి రేవు దాటించే పంటు మీద వశిష్ఠ పాయ దాటించి నరసాపురం ఒడ్డుకి పంపండి. కిలోమీటరు దూరానికి మచ్చ 9 మీటర్లుంటుంది. పంటు నడిపే సరంగు కళ్ళలోకి మాత్రం కొట్టొద్దు. పడిందో లేదో అవతలివాడు ఫోన్లో చెబుతాడు.