వెన్నులో తెగే గట్టు

చింతకాయలు దులిపే రోజుల్లో చెట్టు మీంచి జారిపడి నడుము విరగ్గొట్టుకున్నవాళ్లు మన కర్నూలు పల్లెల్లో కనిపిస్తూనే ఉంటారు. ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ల దగ్గర పట్టి ఆటోలోకి ఎక్కిస్తారు. ఆసుపత్రిలో ఇంటివాళ్లు చెప్పే మాట ఒకటే: ‘‘పడినప్పుడు బొటనవేలు కదిలించాడు సార్, ఇక్కడికొచ్చేసరికి కాళ్లు పడిపోయాయి.’’ అలా మడిచి ఎత్తడం కొంత కారణం. మిగతాది వెన్నుపాము లోపలే జరుగుతుంది. దాని సంగతి తెలియడానికి వందేళ్లు పట్టింది.

1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించాడు. ఒళ్లంతా రంగెక్కింది, మెదడు, వెన్నుపాము మాత్రం తెల్లగానే ఉండిపోయాయి. వాటికి రంగు పట్టే గుణం లేదనుకున్నాడాయన. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకే వదిలాడు. ఈసారి మెదడు నీలమైంది, ఒంటికి అంటలేదు. అంటే మధ్యలో ఏదో అడ్డుంది. 1921లో దాన్ని ‘రక్తం-మెదడు అవరోధం’ అన్నది శాస్త్రవేత్త లీనా స్టెర్న్. 1967లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆ అడ్డును చూపించింది: సన్న రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా ఒకదానికొకటి కుట్టేసినట్టున్నాయి. వెన్నుపాములోనూ ఇదే గోడ.

2009 అక్టోబరులో హంద్రీ, తుంగభద్ర కర్నూలును ముంచడం చూసినవాళ్లకు తర్వాతి సంగతి చెప్పక్కర్లేదు. నీళ్లు తీసినా బురద తీయలేదు. వెన్నుపాములోనూ అంతే. దెబ్బ తగిలిన నిమిషాల్లోనే గోడ కారడం మొదలవుతుంది. రక్తంలోని ప్రొటీన్లు, నీరు లోపలికి దిగుతాయి. చుట్టూ ఎముక గొట్టం కాబట్టి వాపుకు చోటు లేదు, నరాలే నలుగుతాయి. గంటల్లో తెల్లరక్తకణాలు చేరి, వాటి ఎంజైములు మిగిలిన గోడనూ కొరుకుతాయి. దెబ్బ తగిలిన చోటికి పైనా కిందా కూడా కారుతుంది. ఎలుకల్లో పెద్ద అణువులకు దారి మూసుకోవడానికి రెండు వారాలు పట్టింది, చిన్నవాటికి ఇంకా ఎక్కువే. దూరాన ఉన్న మెదడులోనూ ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) కనిపించింది.

పడ్డ దెబ్బ తర్వాత లోపల సాగే ఈ రెండో దెబ్బను మొదట పట్టుకున్నది అమెరికా డాక్టర్ ఆల్ఫ్రెడ్ అలెన్. 1911లో కుక్కల వెన్నుపాము మీద బరువు పడేసి, లోపల చేరిన రక్తం తీసేస్తే అవి మెరుగ్గా కోలుకోవడం చూశాడు. 1990లో, 8 గంటల్లోపు మిథైల్ ప్రెడ్నిసొలోన్ పెద్ద డోసులో ఇస్తే మేలని ఒక పెద్ద ట్రయల్ చెప్పగానే అందరూ ఆ స్టెరాయిడ్ వెంట పడ్డారు. ఇన్ఫెక్షన్ల బెడద తెలిశాక 2013లో అమెరికా న్యూరోసర్జన్లే వద్దన్నారు. ‘‘ఆ ఇంజెక్షన్ ఎందుకు వేయలేదు’’ అని నిలదీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదటి వారం బీపీ పడిపోకుండా కాయడం, ఎముక నొక్కుతుంటే త్వరగా ఆపరేషన్ చేయడం మీదే ఇప్పుడు డాక్టర్ల దృష్టి.