రాసినవాణ్ని వదిలి, మోసేవాణ్ని పట్టుకుని

2025 జూన్ చివర్లో హైదరాబాద్ శివార్లలోని శంకర్‌పల్లి దగ్గర ఒక మహిళ రైలు పట్టాల మీద కారు నడిపారు. రైళ్లు ఆగాయి, వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది. దాన్ని తీసేయమని రైల్వే శాఖ 'ఎక్స్' (పాత ట్విట్టర్) సంస్థకు నోటీసు పంపింది. కొద్దిరోజులకే ఎక్స్ తరఫు న్యాయవాది కర్ణాటక హైకోర్టులో ఆ నోటీసునే చూపించి, ఇది వార్తే కదా, ఇందులో చట్టవిరుద్ధం ఏముందని అడిగారు. ఇంటర్నెట్‌లో ఏది ఉండాలో చెప్పే అధికారం రైల్వే శాఖకు ఎలా వచ్చిందో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. ఐక్యరాజ్యసమితి 1996లో తయారుచేసిన ఈ-కామర్స్ నమూనా చట్టం దానికి మూలం. కంప్యూటర్లో చేసుకున్న ఒప్పందం, డిజిటల్ సంతకం కోర్టులో చెల్లాలన్నదే అసలు ఉద్దేశం. మాటల మీద అదుపు అందులో పెద్దగా లేదు. 79వ సెక్షన్ మాత్రం ఉంది: ఇతరులు పెట్టిన సమాచారాన్ని కేవలం మోసే సంస్థకు, తనకు తెలియకుండా జరిగిన తప్పుకు శిక్ష పడదని రాశారు. అది వాళ్లకు రక్షణ.

ఆ రక్షణ ఎంత పల్చనిదో 2004లో తేలింది. బాజీ డాట్ కామ్ అనే వేలం సైట్‌లో ఎవరో ఒక అశ్లీల క్లిప్‌ను అమ్మకానికి పెట్టారు. పోలీసులు సైట్ అధిపతినే అరెస్టు చేశారు. పరిశ్రమ గగ్గోలు పెట్టింది, కేంద్రం నిపుణుల కమిటీ వేసింది. దాని ఫలితంగా రావాల్సిన సవరణ 2008 డిసెంబర్ దాకా నానింది. అప్పటికి ముంబై దాడులు జరిగి నెల కూడా కాలేదు. భద్రత పేరు చెబితే అడ్డుపడేవారెవరు? లోక్‌సభలో చర్చే లేకుండా బిల్లు గట్టెక్కింది. అందులో మన కథకు కావాల్సిన సెక్షన్లు మూడు: సైట్లకు మరింత రక్షణ ఇచ్చే కొత్త 79, సైట్లను, పోస్టులను బ్లాక్ చేయడానికి 69ఏ, రాసినవాళ్లను పట్టడానికి 66ఏ.

66ఏ పుట్టుక చిత్రమైనది. 'తీవ్రంగా అభ్యంతరకరం' అన్న మాట మూలం బ్రిటన్‌లో 1935లో చేసిన పోస్టాఫీసు చట్ట సవరణలో ఉంది. ఫోన్ చేసి ఎదుటివాళ్లను వేధించేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఒకరికి ఒకరు చేసే ఫోనుకు పెట్టిన కొలతను వేలమంది చదివే గోడమీద రాతకు తగిలించారు. 'చికాకు', 'అసౌకర్యం' కలిగించినా మూడేళ్ల జైలు! 2012లో ఒక కార్టూన్ పంపినందుకు జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్, బాల్ ఠాక్రే మృతికి బంద్ ఎందుకని అడిగినందుకు పాల్ఘర్‌లో ఇద్దరు యువతులు అరెస్టయ్యారు. 2013 మేలో మన వంతు. చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టుకు పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ నాయకురాలు జయ వింధ్యాలను అరెస్టు చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లాకే, పైస్థాయి పోలీసు అధికారి అనుమతి లేకుండా 66ఏ కింద అరెస్టు చేయొద్దని ఉత్తర్వు వచ్చింది.

2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్‌నే కొట్టేశారు. చలమేశ్వర్ మన కృష్ణా జిల్లా వాసి. తీర్పు రాసింది మాత్రం నారిమన్. (కొట్టేసిన సెక్షన్ కింద పోలీసులు కేసులు పెడుతూనే పోయారు, 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.) ఆ రోజు 66ఏ పోయిందన్న సంబరంలో, అదే తీర్పు 79 గురించి చెప్పింది తక్కువమందే పట్టించుకున్నారు. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే సంస్థ పోస్టు తీసేయాలి. ఎవరో ఫిర్యాదు చేశారని కాదు.

రాసినవాణ్ని పట్టే దారి మూసుకుపోయాక ప్రభుత్వాల చూపు మోసేవాడి మీద పడింది. ఇది నా లెక్క, కానీ తేదీలు దానికి తోడొస్తాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లు 69ఏ కింద ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరి 25న కొత్త ఐటీ రూల్స్ వచ్చాయి: 50 లక్షలకు మించి వినియోగదారులున్న సంస్థలు ఇక్కడే అధికారులను పెట్టుకోవాలి, ప్రభుత్వం చెబితే 36 గంటల్లో తీసేయాలి (2026 ఫిబ్రవరిలో ఆ గడువును మూడు గంటలకు కుదించారు), కాదంటే 79 ఇచ్చే రక్షణ పోతుంది. సందేశం మొదట ఎవరు పంపారో చెప్పాలన్న నిబంధన మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2023లో ప్రభుత్వం గురించిన వార్తల నిజానిజాలు ప్రభుత్వ విభాగమే తేల్చేలా చేర్చిన రూల్‌ను బాంబే హైకోర్టు 2024లో కొట్టేసింది. గమనిస్తే, వీటిలో ఏదీ పార్లమెంటులో ఓటుకు పెట్టిన చట్టం కాదు. చట్టం కింద రాసుకున్న రూల్స్, ఉత్తర్వులు.

69ఏలో కనీసం ఒక పద్ధతి ఉంది. దేశ భద్రత, శాంతిభద్రతల్లాంటి కొన్ని కారణాలకే వాడాలి, కమిటీ చూడాలి, కారణాలు రాయాలి. ప్రభుత్వం చెప్పినా పోస్టు తీసేయకపోతే రక్షణ పోతుందనే 79(3)(బీ)లో అంత తతంగం లేదు. 'చట్టవిరుద్ధం' అంటే చాలు. 2024 అక్టోబర్‌లో హోంశాఖ తెచ్చిన 'సహయోగ్' పోర్టల్ దీన్ని దేశమంతా అందుబాటులోకి తెచ్చింది. ఏ శాఖైనా, ఏ రాష్ట్ర పోలీసులైనా దాని ద్వారా నోటీసు పంపొచ్చు. రక్షణగా పుట్టిన సెక్షన్ కొట్టే కర్రయింది.

దీని మీదే ఎక్స్ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. 2025 సెప్టెంబర్ 24న జస్టిస్ నాగప్రసన్న పిటిషన్ కొట్టేశారు. 2015 తీర్పు 79 కింద 2011లో రాసిన పాత రూల్స్ గురించి, 2021 రూల్స్‌కు అది వర్తించదన్నారు. భావప్రకటన హక్కు పౌరులది, విదేశీ కంపెనీ దాన్ని అడగలేదన్నారు. రెండో మాట సరే అనుకుందాం. తీసేసిన పోస్టు రాసిన పౌరుడికి నోటీసు వెళ్లనప్పుడు ఆ హక్కును కోర్టుకు తెచ్చేదెవరు?

అప్పీలుకు వెళ్తామని ఎక్స్ ప్రకటించింది. అక్టోబర్‌లో కేంద్రం రూల్స్ సవరించి, కేంద్రంలో జాయింట్ సెక్రటరీ, పోలీసుల్లో డీఐజీ స్థాయికి తగ్గనివారే నోటీసు ఇవ్వాలని, కారణం రాయాలని, నెలనెలా కార్యదర్శి స్థాయి అధికారి సమీక్షించాలని చెప్పింది. అది నవంబర్ 15 నుంచి అమలైంది. సమీక్షించేదీ ప్రభుత్వమే.