సదరం శాతం తగ్గితే ఎవరికి చెప్పుకోవాలి? అప్పీలు హక్కు వెనక ముప్పై ఏళ్ల కథ

2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా సచివాలయం సిబ్బంది నోటీసులు పట్టుకుని దివ్యాంగుల ఇళ్లకు వచ్చారు. సదరం కింద, అంటే వైకల్యాన్ని శాతాల్లో లెక్కగట్టి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు కింద, కొత్తగా జరిపిన వైద్య పరీక్షలో మీ వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలింది, కాబట్టి పింఛనుకు అర్హత లేదన్నది వాటి సారాంశం. నెలకు 15,000 అందుకుంటున్న కొందరికి ఇకమీదట 6,000 మాత్రమేనన్నారు. అరవై దాటిన మరికొందరిని వృద్ధాప్య పింఛనులోకి మార్చారు. నోటీసులు అందుకున్నవాళ్లు లక్ష దాటారని పత్రికలు రాశాయి. అభ్యంతరం ఉంటే పల్లెల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టుకోవచ్చన్నారు. మూడు చక్రాల బళ్ల మీద, చంక కర్రల మీద జనం కార్యాలయాల ముందుకు చేరారు. ఆందోళనలు పెరిగాక, అప్పీలు చేసుకున్నవారికి సెప్టెంబరు పింఛను ఆపబోమని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో ఎవరిని కదిలించినా ఒకటే అడిగారు: చిన్నప్పుడు పోలియోతో చచ్చుబడిన కాలికి నిన్నటిదాకా 50 శాతమన్నారు, ఇవాళ 35 ఎలా అయింది? నోటీసులో దానికి జవాబు లేదు. పాత శాతం, కొత్త శాతం, మధ్యలో ఏం మారిందో ఒక్క ముక్క లేదు. ఎందుకు తగ్గిందో తెలియని మనిషి అప్పీలులో ఏమని రాయాలి? ఈ చిక్కు 2025లో పుట్టింది కాదు. వైకల్యాన్ని అంకెగా కొలవడం మొదలుపెట్టిన రోజే పుట్టింది.

మన రాజ్యాంగం 41వ అధికరణంలో వైకల్యం వచ్చినవారికి ప్రభుత్వ సాయం గురించి చెప్పింది. అది ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్లి రాబట్టుకునే హక్కు కాదు. పైగా ఏడో షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో తొమ్మిదో అంశంగా ఈ బాధ్యతను రాష్ట్రాలకు వదిలేసింది. అందుకే పింఛను ఎంతివ్వాలో, ఎవరికివ్వాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. కేంద్రం 2009లో ఇందిరాగాంధీ పేరుతో దివ్యాంగుల పింఛను తెచ్చినా, అది దారిద్ర్యరేఖకు దిగువన ఉండి 80 శాతం వైకల్యం ఉన్నవారికే. మొదట 200, తర్వాత 300. అక్కడే ఆగిపోయింది.

40 శాతం గీత మాత్రం 1995 నాటి వికలాంగుల చట్టం గీసింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు వైద్యాధికారి ధ్రువీకరిస్తేనే వికలాంగులని ఆ చట్టం నిర్వచించింది. ఎలా కొలవాలో చెప్పే మార్గదర్శకాలు 2001లో వచ్చాయి. వైద్య బోర్డు ఇచ్చిన శాతం నచ్చకపోతే మనిషి చేయగలిగిందల్లా అదే బోర్డుకు మళ్లీ విన్నవించుకోవడం. బోర్డు తలచుకుంటే తన నిర్ణయాన్ని తానే పునఃపరిశీలిస్తుంది. 2009 చివర్లో నిబంధనలు సవరించి ఈ పునఃపరిశీలనకు ఒక పద్ధతి ఏర్పాటు చేశారు. దరఖాస్తుదారు మాట వినాలని, వీలైనంతవరకు రెండు వారాల్లో తేల్చాలని రాశారు. బయటి అధికారి ముందుకు వెళ్లే దారి మాత్రం అప్పటికీ లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సదరం వచ్చింది. అంతకుముందు జిల్లా ఆసుపత్రి బోర్డుల్లో చేత్తో రాసిచ్చే ధ్రువపత్రాల మీద నమ్మకం సన్నగిల్లింది. దళారులు, దొంగ సంతకాలు, ఒకే మనిషికి రెండు ఆసుపత్రుల్లో రెండు శాతాలు. వైద్యుడు కొలతలు నమోదు చేస్తే సాఫ్ట్‌వేరే శాతం లెక్కగట్టే ఏర్పాటు నిజంగా పెద్ద అడుగు. శిబిరాలు పెట్టి లక్షల మందిని పరీక్షించారు. పల్లెల్లో సదరం అన్నమాట పింఛనుకు మారుపేరైపోయింది. అయితే కంప్యూటరు ఇచ్చిన అంకెకు అంతకుముందు లేని గౌరవం కూడా వచ్చిపడింది. అందులోకి వెళ్లిన కొలత తప్పయితే వచ్చే శాతమూ తప్పే కదా అని అడిగేవాళ్లు తగ్గారు.

ఆ శాతం ఎలా వస్తుందో కాస్త వివరంగా చూడాలి. ఒక మనిషికి రెండు వైకల్యాలుంటే రెండింటినీ ఊరికే కూడరు. పెద్ద అంకెను అలాగే ఉంచి, 90లోంచి దాన్ని తీసేయగా మిగిలినదానితో చిన్న అంకెను గుణించి, 90తో భాగించి కలుపుతారు. కాలికి 30 శాతం, చెవికి 20 శాతం ఉన్నాయనుకోండి. 90లోంచి 30 పోతే 60. ఇరవై అరవైలు 1,200, దాన్ని 90తో భాగిస్తే 13 చిల్లర. మొత్తం 43 శాతం, పింఛనుకు అర్హత ఉంది. ఇప్పుడు అదే మనిషి పునఃపరీక్షకు వెళ్లాడు. ఆ రోజు అక్కడ ఎముకల డాక్టరు ఉన్నారు, చెవి డాక్టరు లేరు. కాలు చూసి 30 అని రాశారు. మనిషిలో ఏ మార్పూ లేదు, వైద్యుడు అబద్ధం రాయలేదు, సాఫ్ట్‌వేరు తప్పు చేయలేదు. అయినా పింఛను పోతుంది. ఈ సంగతి అప్పీలులో రాయగలిగితే ఒక్క పేరాతో గెలవచ్చు. కానీ ఏ భాగాన్ని పరీక్షించారో, దేనికెంత వేశారో తెలిపే కాగితం చేతికి రాకపోతే ఆ పేరా రాసేదెలా?

చెవుడు విషయంలో ఇంకో చిక్కు. మామూలు ఆడియోమెట్రీలో శబ్దం వినిపించిందో లేదో పరీక్షకు కూర్చున్న మనిషే చెప్పాలి. దాన్ని అనుమానించే వైద్యుడు బెరా పరీక్ష రాస్తారు, అందులో మెదడు స్పందన నేరుగా నమోదవుతుంది. ఇక మానసిక అనారోగ్యాన్ని ఐడియాస్ అనే కొలమానంతో లెక్కిస్తారు. తనను తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం, పని చేసుకోవడం, ఎన్నేళ్లుగా జబ్బుందన్నవి అందులో అంశాలు. మందులు పనిచేస్తున్న వారంలో చూస్తే ఒక అంకె, జబ్బు తిరగబెట్టిన వారంలో చూస్తే మరో అంకె. ఇంట్లోవాళ్లు చెప్పేది వినకుండా పది నిమిషాల్లో దీన్ని తేల్చడం అన్యాయం.

పాత చట్టం స్థానంలో వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందమే దీనికి పునాది. ఏడు వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి. ఆ జాబితా గురించి అందరికీ తెలుసు. తెలియాల్సినంతగా తెలియనిది 59వ సెక్షన్. ధ్రువీకరణ అధికారి నిర్ణయంతో నష్టపోయానని భావించే ఎవరైనా, రాష్ట్ర ప్రభుత్వం నియమించే అప్పీలు అధికారి ముందుకు వెళ్లవచ్చని అది చెప్పింది. ఇచ్చినవాళ్లనే మళ్లీ బతిమాలుకునే స్థితి నుంచి వేరొకరి ముందు నిలబడి వాదించుకునే స్థితికి చట్టం మనిషిని తీసుకొచ్చింది. గడువెంత, పద్ధతేమిటి, అధికారి ఎవరన్నది మాత్రం రాష్ట్రాలకు వదిలింది.

2017 నిబంధనల్లో ఇంకో మంచి మాట ఉంది. ధ్రువపత్రానికి అర్హత లేదని తేలిస్తే కారణాలు లిఖితపూర్వకంగా, నిర్ణీత ఫారంలో తెలపాలి. మన చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 36 శాతం అని ధ్రువపత్రం చేతిలో పెట్టేస్తే అది తిరస్కరణ లెక్కలోకి రాదు, ధ్రువపత్రం ఇచ్చినట్టే. కారణాల ఫారం అక్కర్లేదన్నమాట. పింఛను తీసేసే కార్యాలయమేమో శాతం మేం వేయలేదు, డాక్టర్లు వేశారంటుంది. డాక్టర్లేమో పింఛను సంగతి మాకు తెలియదంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు. నిజానికి ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు. శాతం వైద్య నిర్ణయం, దాని మీద అప్పీలు మరో వైద్య బృందం చూడాలి. పింఛను పాలనాపరమైన నిర్ణయం. ఎంపీడీవోకు ఎంత మంచి మనసున్నా 36ను 46 చేయలేరు, అర్జీ తీసుకుని మళ్లీ పరీక్షకు పంపగలరు, అంతే. ఈ తేడా నోటీసు అందుకున్నవారికి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

డబ్బు పెరిగిన తీరు కూడా ఈ గొడవకు కారణమే. తొంభైల్లో 75 రూపాయల పింఛను గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. రాష్ట్ర విభజన నాటికి దివ్యాంగులకు 500. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో 1,000కి పెంచి, 80 శాతం దాటినవారికి 1,500 చేశారు. 2019లో 3,000 అయింది. తర్వాత ఐదేళ్లు అక్కడే ఉంది. ఈలోగా వృద్ధాప్య పింఛను పెరుగుతూ వచ్చి 2024 జనవరిలో అదీ 3,000 అయ్యింది. దివ్యాంగులకిచ్చే సాయం ఇతరులకిచ్చేదానికంటే కనీసం 25 శాతం ఎక్కువుండాలని 2016 చట్టం 24వ సెక్షన్ చెబుతుండగానే రెండూ సమానమయ్యాయి. 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో ఆసరా కింద 1,500తో మొదలై 3,016, 2023 నుంచి 4,016.

మొత్తం రెట్టింపైతే దొంగ ధ్రువపత్రాల మీద అనుమానమూ పెరుగుతుంది. 2025 జనవరిలో 15,000 అందుకుంటున్నవారి ఇళ్లకు వైద్య బృందాలను పంపి తనిఖీ మొదలుపెట్టారు, తర్వాత మిగతావారిని ఆసుపత్రులకు పిలిచారు. తనిఖీ తప్పని నేననను. అర్హత లేనివాడు తినే ప్రతి రూపాయీ అర్హుడి పేరు మీదే ఖర్చవుతుంది. మోసంతో సాయం పొందినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయని అదే చట్టం 91వ సెక్షన్ చెబుతోంది. కానీ డబ్బులిచ్చి సర్టిఫికెట్ కొన్నవాడికీ, చెవి పరీక్ష తప్పిపోయిన పేదరాలికీ ఒకే నోటీసు వెళ్లింది. మొదటివాడు అప్పీలుకు రాకపోయినా నష్టం లేదు. రెండో మనిషికి ఆ 6,000తోనే నెల గడవాలి.

అప్పీలు తేలేదాకా డబ్బు సంగతేమిటన్న ప్రశ్న ఇతర దేశాలనూ పీడించింది. అమెరికాలో వర్జీనియాకు చెందిన జార్జ్ ఎల్‌డ్రిడ్జ్ అనే కార్మికుడికి 1972లో వైకల్య భృతి ఆపేశారు. తన మాట వినకుండా ఎలా ఆపుతారని ఆయన కోర్టుకెక్కాడు. 1976లో అక్కడి సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఈ నిర్ణయాలు వైద్యుల నివేదికల మీద ఆధారపడతాయి, అవి నమ్మదగినవి, కాబట్టి ముందుగా విచారణ అక్కర్లేదంది. భృతి ఆగాక ఆ కుటుంబం ఇల్లు జప్తయిందని, సామాను పట్టుకుపోయారని, భార్యాపిల్లలతో కలిసి అందరూ ఒకే మంచం మీద పడుకోవాల్సి వచ్చిందని విభేదించిన న్యాయమూర్తి బ్రెనన్ రాశారు. ఎనభైల మొదట్లో అక్కడి ప్రభుత్వం తనిఖీల పేరుతో లక్షల మంది భృతి తీసేసింది. అప్పీలుకు వెళ్లినవాళ్లలో పెద్ద సంఖ్యలో గెలవడంతో డాక్టరు కాగితంలో తప్పుండదన్న నమ్మకం సడలింది. 1983లో అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ చట్టం చేసింది. నోటీసు అందిన 10 రోజుల్లో అడిగితే విచారణాధికారి తీర్పు వచ్చేదాకా భృతి కొనసాగుతుంది, ఓడిపోతే తిరిగి కట్టాలి.

మన దగ్గర 2025 సెప్టెంబరు పింఛను దక్కింది ప్రభుత్వ ప్రకటన వల్ల. అలాంటి సూత్రం నిబంధనల్లోనే ఉంటే వీధికెక్కాల్సిన అవసరం ఉండేది కాదు.

కారణాలు చెప్పి తీరాలన్న విషయంలో మాత్రం ఇటీవల ఒక బలమైన ఆధారం దొరికింది. 2024 అక్టోబరు 15న ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు వైకల్య బోర్డుల పనితీరును పరిశీలించింది. అది ఎంబీబీఎస్ సీటు కేసు, పింఛనుది కాదు. అయినా అందులో రెండు మాటలు ఇక్కడ పనికొస్తాయి. అర్హత లేదని తేల్చే బోర్డు కారణాలు చెప్పాలి. అప్పీలు వ్యవస్థ ఏర్పడేదాకా బోర్డు నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు, కోర్టు ఆ వ్యక్తిని మరో పేరున్న వైద్య సంస్థకు పంపి అభిప్రాయం తెప్పించుకోవచ్చు.

కాబట్టి శాతం తగ్గిన మనిషి ముందుగా అడగాల్సింది తన పరీక్ష రోజున వైద్యుడు రాసిన కొలతల కాగితం. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. పాత సదరం పత్రం, కొత్తది, ఏళ్ల తరబడి చూపించుకున్న ఆసుపత్రి చీటీలు పక్కపక్కన పెట్టి, ఏ వైకల్యాన్ని చూడలేదో, ఏ పరీక్ష చేయలేదో అప్పీలులో పేరు పెట్టి రాయాలి. అర్జీ అందినట్టు రసీదు తీసుకోవాలి. రాయించుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది, 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దారి చూపుతారు. అక్కడా పని కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో ఆ అధికారికి సివిల్ కోర్టుకున్న అధికారాలు 2016 చట్టమే ఇచ్చింది.