లెక్కలు ఎలా వస్తాయి? మా ల్యాబ్ చుట్టూ తిరిగే అపోహలు, అసలు సంగతులు

పిల్లలూ పెద్దవాళ్లూ లెక్కలు ఎలా నేర్చుకుంటారో చూసే సైకాలజీ ల్యాబ్ మాది. పిల్లలతో కూర్చునేదీ, వీడియోలు చూసి నమోదు చేసేదీ చాలావరకు డిగ్రీ చదివే విద్యార్థులే. కొత్తగా చేరిన విద్యార్థులు, పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు, ఒక్కోసారి తోటి లెక్చరర్లు కూడా అవే మాటలు అంటుంటారు. వాటిలో కొన్ని ఉత్త అపోహలు, కొన్ని సగం నిజాలు. సగం నిజాలతోనే చిక్కు ఎక్కువ.

అపోహ: ఇరవై దాకా గడగడా చెప్పేస్తోంది, అంటే అంకెలు వచ్చేసినట్టే.

మూడేళ్ల పాప ముందు ఒక గిన్నెలో పది పదిహేను ప్లాస్టిక్ చేపలు పెడతాం. పక్కన ఎలుగుబంటి బొమ్మను కూర్చోబెట్టి, “ఎలుగుబంటికి మూడు చేపలు పెడతావా?” అని అడుగుతాం. అప్పుడే పది దాకా తడుముకోకుండా చెప్పిన పాప, గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి ఇచ్చేస్తుంది. “ఒకసారి లెక్కపెట్టు, మూడేనా?” అంటే ఒక్కోదాని మీదా వేలు పెట్టి “ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు” అని చక్కగా లెక్కపెడుతుంది. లెక్కపెట్టి, “ఆఁ, మూడే” అంటుంది.

ఇందులో పాప తెలివికి వచ్చిన లోటేమీ లేదు. అంకెల వరస పాటలా నోటికి రావడం ఒకటి, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం ఇంకొకటి. 1990లో సైకాలజిస్టు కారెన్ విన్ ఈ పద్ధతితోనే చూపించిందేమిటంటే, పిల్లలకు ముందు ‘ఒకటి’ అర్థమవుతుంది, కొన్ని నెలలకు ‘రెండు’, మరి కొన్ని నెలలకు ‘మూడు’. ఆ తర్వాత ఒక్కసారిగా మొత్తం సూత్రం అందుతుంది, ఇక అయిదడిగినా ఏడడిగినా లెక్కపెట్టి ఇస్తారు. సాధారణంగా ఇది మూడున్నర, నాలుగేళ్ల దగ్గర జరుగుతుంది. ఆ దశ వచ్చేలోపు, వంద దాకా నేర్పించాలని తాపత్రయపడటం కన్నా, కళ్లెదుట ఉన్న నాలుగు వస్తువులు లెక్కపెట్టి “నాలుగున్నాయి” అని మొత్తం కూడా పైకి చెప్పడం ఎక్కువ పనికొస్తుంది.

ఈ పనికి విద్యార్థుల్ని తయారుచేసేటప్పుడు నేను ఎక్కువ సమయం పెట్టేది వాళ్ల మొహాల మీద. పాప మూడో చేప తీయగానే కనుబొమ్మలు లేచినా, చూపు గిన్నె మీంచి పక్కకు పోయినా, ఆ పాప అక్కడే ఆగిపోతుంది. పిల్లలకు అంకెలకన్నా ముందు మన మొహం చదవడం వస్తుంది. అందుకే జవాబు తప్పైనా ఒప్పైనా ఒకే గొంతుతో “థాంక్యూ” అనడం అలవాటు చేయిస్తాం. వినడానికి తేలికే, చేయడానికి వారాలు పడుతుంది.

అపోహ: అయితే చిన్నపిల్లలకు బడికి వెళ్లేదాకా ఏమీ తెలియదన్నమాట.

అదీ కాదు. ఆరు నెలల పిల్లలు 8 చుక్కలకూ 16 చుక్కలకూ తేడా పసిగడతారని, 8కీ 12కీ మాత్రం పసిగట్టలేరని 2000లో ఫే షూ, ఎలిజబెత్ స్పెల్కే చూపించారు. సుమారుగా ఎక్కువ తక్కువలు తెలిసే జ్ఞానం అది. దాన్ని పట్టుకుని నెలల పిల్లల ముందు అంకెల కార్డులు ఆడించేవాళ్లున్నారు. ఆ ప్రయోగంలో అలా చేయమని చెప్పేదేమీ లేదు.

అపోహ: తప్పు చేశాడంటే తెలియదని అర్థం.

నా దృష్టిలో అన్నిటికన్నా నష్టం చేసేది ఇది. ఎనిమిది, పదేళ్ల పిల్లలకు ఈ లెక్క ఇచ్చి చూడండి:

8 + 4 = □ + 5

చాలామంది 12 రాస్తారు. కొందరు ఉన్నవన్నీ కలిపేసి 17 రాస్తారు. అమెరికాలో 1999లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఆరో తరగతి పిల్లలు 145 మందికి ఈ లెక్కే ఇస్తే, ఒక్కరు కూడా 7 రాయలేదు. అందరి జవాబూ 12 గానీ 17 గానీ. 145 మందికీ కూడిక రాదా? కూడిక బ్రహ్మాండంగా వచ్చు, అదే అడ్డుపడింది. ఏళ్ల తరబడి వాళ్లు చూసిన లెక్కలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి: ఎడమ వైపు కూడిక, మధ్యలో సమాన గుర్తు, కుడి వైపు జవాబుకు ఖాళీ. దాంతో ఆ గుర్తును “ఇక జవాబు రాయి” అన్న ఆజ్ఞగా చదవడం అలవాటవుతుంది. రెండు వైపులా విలువ ఒకటేనని చెప్పే గుర్తుగా చదవరు. బాగా నేర్చుకున్నదాని నుంచే తప్పు పుట్టింది కాబట్టి, మరో యాభై కూడికలు చేయిస్తే అది ఇంకా బలపడుతుంది. 7 = 3 + 4 లాంటివి, 6 + 2 = 5 + 3 లాంటివి మొదటి నుంచీ కలిపి ఇస్తే ఈ చిక్కు చాలా తగ్గుతుంది.

ఇక్కడే మా పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఉంది. “ఎలా చేశావో చెప్పు” అని అడిగి పిల్లల్ని వీడియో తీస్తాం. నోరు “ఎనిమిదీ నాలుగూ కలిపాను, పన్నెండు” అంటుంటుంది. చెయ్యి మాత్రం ఎడమ వైపు అంకెల కింద ఒకసారి సాగి, ఆగి, కుడి వైపు కింద కూడా అలాగే సాగుతుంది. రెండు వైపులున్నాయని చేతికి అప్పుడే తెలుసు, నోటికింకా తెలియదు. మిషెల్ పెరీ, బ్రెకిన్‌రిడ్జ్ చర్చ్, సూసన్ గోల్డిన్-మెడో 1988లో చూపించింది సరిగ్గా ఇదే: నోటికీ చేతికీ పొంతన లేని పిల్లలే, తర్వాత పాఠం చెబితే మిగతావాళ్లకన్నా ఎక్కువగా అందుకున్నారు. జవాబుల కాగితం మాత్రమే చూసే టీచరుకు అలాంటి బాబూ, అసలేమీ పట్టని బాబూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరి కాగితం మీదా 12 ఉంటుంది.

ఈ వీడియోల్ని నమోదు చేయడం ఓపిక పరీక్ష. చేతి కదలికలు రాసుకునేటప్పుడు శబ్దం ఆపేస్తాం, మాటలు రాసుకునేటప్పుడు బొమ్మ కనబడకుండా మూసేస్తాం. లేకపోతే విన్నదే చేతిలోనూ కనిపిస్తుంది. ఇద్దరు విద్యార్థులు ఒకరిది ఒకరు చూడకుండా రాస్తారు, తర్వాత ఇద్దరిదీ ఎంతవరకు కలిసిందో లెక్కకడతాం. కలవకపోతే నిబంధనలు తిరగరాసి మళ్లీ మొదటి నుంచి.

అపోహ: పెద్దయ్యాక ఇలాంటి తప్పులు పోతాయి.

అణిగి ఉంటాయి, అంతే. నికోల్ మెక్‌నీల్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో, ముందుగా మామూలు కూడికలతో బుర్రను అటు తిప్పితే కాలేజీ విద్యార్థులు కూడా ఆ తర్వాత తెర మీద క్షణకాలం కనిపించే సమీకరణాల్లో ఎక్కువ తడబడ్డారు. చిన్నప్పటి “అన్నీ కలిపెయ్యి” తొందరలో పైకి వచ్చేస్తుంది.

ఇంకోటి మా ల్యాబులో చేరిన ప్రతి విద్యార్థికీ ఇస్తాను. “ఈ కాలేజీలో ప్రతి ప్రొఫెసర్‌కూ ఆరుగురు విద్యార్థులున్నారు. విద్యార్థుల సంఖ్య ‘వి’, ప్రొఫెసర్ల సంఖ్య ‘ప్ర’ అనుకుని సమీకరణం రాయండి.” రాయాల్సింది వి = 6ప్ర. 6వి = ప్ర అని రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జాన్ క్లెమెంట్ 1980ల మొదట్లో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇదే ఇస్తే 37 శాతం మంది తప్పు రాశారు. విద్యార్థులు 6 అయితే ప్రొఫెసర్లు 36 మంది అవుతారు కదా అని ఎవరూ సరిచూసుకోరు. ‘వి’ అనేది ఒక సంఖ్య అన్న సంగతి మరిచి, విద్యార్థి అన్న మాటకు పొట్టి పేరుగా చదివేస్తారు. ఆరుగురు విద్యార్థుల పక్కన ఒక ప్రొఫెసర్ నిలబడ్డ బొమ్మే కాగితం మీదికి దిగుతుంది. తప్పు రాసినవాళ్లను వెంటనే సరిదిద్దను. ఆ వారం వాళ్లు చూడబోయే వీడియోల్లో పిల్లలను కాస్త గౌరవంగా చూస్తారు.

అపోహ: వేళ్ల మీద లెక్కపెట్టేవాడు వెనకబడ్డట్టే.

చిన్న తరగతుల్లో వేళ్లు మంచి పనిముట్టు. చూడాల్సింది వేళ్లతో ఏం చేస్తున్నాడన్నది. 2 + 7కు ఒకటి నుంచి మొదలుపెట్టి తొమ్మిది వేళ్లూ ముడుస్తున్నాడా, లేక ఏడు మనసులో ఉంచుకుని “ఎనిమిది, తొమ్మిది” అంటున్నాడా? రెండోది పెద్ద ముందడుగు. రాబర్ట్ సీగ్లర్ పరిశోధనలు చూపించినట్టు, ఒకే పిల్లవాడు ఒకే వారంలో నాలుగైదు పద్ధతులు వాడతాడు, ఒకే లెక్కను ఇవాళ ఒకలా రేపు ఇంకోలా చేస్తాడు. పెద్దవాళ్లం కూడా అన్నీ జ్ఞాపకం నుంచే తీయం. 9 + 6 అనగానే 10 + 5 చేసుకునేవాళ్లు మీలో ఎంతమందో చూసుకోండి.

అపోహ: ఒకే రకం లెక్కలు వరసగా చేస్తే గట్టిపడతాయి.

సగం నిజం అంటే ఇదీ. చేస్తున్నంతసేపూ గట్టిపడినట్టే ఉంటుంది. డగ్ రోహ్రర్, కెల్లీ టేలర్ 2007లో కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. ఒక గుంపు ఒక్కో రకం పూర్తిచేసి ఇంకో రకానికి వెళ్లింది, రెండో గుంపుకు అన్నీ కలగాపులగంగా ఇచ్చారు. సాధన చేస్తున్నప్పుడు మొదటి గుంపు 89 శాతం సరిగ్గా చేసింది, రెండోది 60. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటి గుంపుకు 20 శాతం, రెండో గుంపుకు 63.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వరసగా చేసేటప్పుడు ఏ సూత్రం వాడాలన్న ప్రశ్న అసలు రాదు, పై లెక్కలో వాడిందే కిందా వాడతాం. పరీక్షలో ముందుగా తేల్చాల్సింది అదే. కలిపి చేసినప్పుడు ప్రతిసారీ “ఇది ఏ రకం?” అని ఆగాల్సి వస్తుంది, చికాకు వస్తుంది, మార్కులు తగ్గుతాయి. అందుకే విద్యార్థులూ ఇష్టపడరు, టీచర్లూ ఇష్టపడరు. కొత్త పద్ధతి మొదటిసారి పట్టుబడేదాకా ఒకే రకం నాలుగైదు చేయడంలో తప్పులేదు. ఇరవై చేయడమే వృథా.

అపోహ: లెక్కలంటే భయం అనేది చదవనివాళ్లు చెప్పే సాకు.

మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ 2001లో కొన్ని అక్షరాలు గుర్తుపెట్టుకోమని చెప్పి, మధ్యలో కూడికలు ఇచ్చారు. పదుల స్థానానికి మోసుకెళ్లాల్సిన కూడికల్లో, అక్షరాల బరువు పెరిగినప్పుడు, భయం ఎక్కువ ఉన్నవాళ్ల తప్పులు బాగా పెరిగాయి. భయం కూడా బుర్రలో చోటు తినేస్తుంది, లెక్కకు మిగలాల్సిన చోటు అది. ఒకటి, రెండు తరగతుల పిల్లల్లో ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది వర్కింగ్ మెమరీ (పని చేస్తున్నంతసేపూ సంగతుల్ని మనసులో పట్టి ఉంచుకునే శక్తి) బాగా ఉన్నవాళ్లకే అని 2013లో హెరార్డో రమిరెజ్, సియాన్ బైలాక్ తదితరులు చూపించారు. బాగా చేయగల పిల్లవాడు పరీక్షలో ఎందుకు చతికిలపడతాడో ఇది కొంత చెబుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. తమకే లెక్కలంటే భయం ఉండి, హోంవర్కులో తరచూ సాయం చేసే తల్లిదండ్రుల పిల్లలు ఆ సంవత్సరం తక్కువ నేర్చుకున్నారని 2015లో మరో పరిశోధన వచ్చింది. ఇది చూసిన సంబంధమే, ప్రయోగం చేసి తేల్చిన కారణం కాదు. సాయం మానేయమని నేను చెప్పను. “నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావులే” అనే ఓదార్పు మాత్రం మానేయొచ్చు.

అపోహ: అబ్బాయిలకు లెక్కలు పుట్టుకతో వస్తాయి.

2008లో జానెట్ హైడ్ బృందం అమెరికాలో రెండో తరగతి నుంచి పదకొండో తరగతి దాకా 70 లక్షల మందికి పైగా విద్యార్థుల పరీక్ష ఫలితాలు చూసింది. సగటున చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందుకు వెళ్దాం.

అపోహ: డిగ్రీ విద్యార్థుల పరిశోధన అంటే ఫైళ్లు మోయడం.

మొదటి నెల కొంత అలాగే ఉంటుంది, దాచడం ఎందుకు? ఫోన్లు చేసి తల్లిదండ్రులకు సమయాలు ఇవ్వడం, సమ్మతి పత్రాలు సర్దడం. తల్లి సంతకం పెట్టినా పిల్లవాడు “నేను ఆడను” అంటే ఆ రోజు పని అయిపోయినట్టే, బతిమాలకూడదు. కానీ మా కొత్త ప్రశ్నల్లో చాలా భాగం వీడియోల ముందు గంటలు గడిపిన విద్యార్థుల నుంచే వస్తాయి. “ఈ పాప ప్రతిసారీ ఖాళీ గడిని చూసే ముందు సమాన గుర్తును వేలితో మూస్తోంది, ఎందుకు?” లాంటి ప్రశ్న నా టేబుల్ దగ్గర కూర్చుంటే పుట్టదు. ఏ తేడా రాదని తేలిన అధ్యయనం కూడా రాయాలి, పోస్టర్ వేయాలి. అది ఓటమి అనుకుని వచ్చే విద్యార్థికి ఈ సంగతి ముందే చెబుతాను.

అపోహ: కాలేజీ విద్యార్థుల మీద తేలిందంటే అందరికీ వర్తిస్తుంది.

ల్యాబుకు వచ్చే ‘పెద్దవాళ్లు’ చాలావరకు సైకాలజీ కోర్సు మార్కుల కోసం వచ్చే పద్దెనిమిది, పందొమ్మిదేళ్లవాళ్లు. మానవజాతి మొత్తానికి వీళ్లను నమూనాగా తీసుకోవడం మీద 2010లో జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, ఆరా నొరెంజాయన్ గట్టి విమర్శ రాశారు, అది న్యాయమైనదే. అందుకే పైన చెప్పిన కలగాపులగం సాధన సంగతి ఒక్క ల్యాబ్ ఫలితంతో నమ్మక్కర్లేదు. రోహ్రర్ బృందం తర్వాత దాన్ని ఏడో తరగతి గదుల్లోకి తీసుకెళ్లింది. 54 తరగతులు, పాఠం చెప్పింది వాళ్ల మామూలు టీచర్లే. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో, నెల తర్వాత చెప్పకుండా పెట్టిన పరీక్షలో కలిపి చేసిన తరగతులకు 61 శాతం, విడివిడిగా చేసిన తరగతులకు 38 శాతం వచ్చాయి. తేడా ల్యాబులో కన్నా తగ్గింది, కానీ నిలబడింది. అందులో కొంత భాగం, కలిపి చేసినవాళ్లు హోంవర్కు మీద ఎక్కువ సమయం పెట్టడం వల్ల కూడా కావచ్చు. దాన్ని విడదీసి చూడటం మంచి ప్రాజెక్టు అవుతుంది. ఎవరైనా చేరాలనుకుంటే అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.